కాయితం మీది నిద్ర

మొగని పేరు నోటెంబడి తీయొద్దంటరు మా దిక్కు. నేను తీస్త. కిష్టప్ప. చిట్కుల్ కిష్టప్ప. ఆ పేరు ముంగట ఇంకో మాట తగిలించి పిలిచేటోళ్లు ఉన్నరు, గందుకే తీస్త.

ఆ మాట తగిలేనాటికి మా పెండ్లయి పద్దెనిమిదేండ్లు. పట్టపగలు ఆయన నడుము వాల్చంగ నేను ఒక్కనాడు చూడలే. జరమొచ్చినా గోడకు ఆనుకొని కూసునేటోడు గని పండుకునేటోడు కాదు. జొన్న చేను మీద పిట్టలు వాలే కాలంల పొద్దుగాల మంచె ఎక్కితే పొద్దుగూకినంకనే దిగేటోడు. పక్క చేను లింగం "కిష్టప్ప ఉన్నడు తియ్" అని తన చేను కూడా ఈయన మీద ఇడిచి అంగడికి పోయేటోడు. మా ఆయన మాటకారి కాదు, నవ్వుడు కూడా తక్కువ. ఊర్లె ఆయనకున్న ఇజ్జత్ ఆ కావలి ఒక్కటే.

డెబ్బై ఒకటిల ఆ రెండెకరాలు ఊరి పక్కన కట్టిన ఫ్యాక్టరీల కలిసినయి. భూమి పోయినోళ్లకు ఇంటికొక నౌకరి అన్నరు. ఈయనకు స్విచ్ కాడి పని ఇచ్చిండ్రు. లోపల పెద్ద మిషన్ల ఏమన్న ఇరుక్కుంటే లోపలోళ్లు బటన్ ఒత్తుతరు, ఈయన గదిల గంట మోగుతది. మోగంగనే స్విచ్ కిందికి గుంజి మిషన్ ఆపాలె. స్టూలు వేస్తే దాని మీద కూడా కూసునేటోడు కాదు. నిలబడే ఉండేటోడు, మంచె మీద ఉన్నట్టే.

డెబ్బై నాలుగు ఎండకాలంల ఆ గంట ఖరాబయింది. పోయి చెప్పిండు. చూస్తమన్నరు, ఎవలు చూడలే. మూడో తరగతి చదువు ఆయనది. గదిల ఉన్న, దినాం ఆఫీసుకు పోయొచ్చే రిజిస్టర్ల ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట రాసిండు, గంట మోగుతలేదు అని. రెండో దినం రాసిండు. మూడో దినం రాసిండు. నాలుగో దినం పగలు పదకొండు గంటలకు మిషన్ల ఇనుము ఇరుక్కున్నది. లోపలోళ్లు బటన్ ఒత్తిండ్రు, గంట మోగలే. ఆ చప్పుడుల అరిచినా ఇనపడదు. మోటరు కాలిపోయింది. మనుషులకు ఏం కాలే, అదొక్కటే నయం.

మరునాడు రెండు కాయితాలు చేతుల పెట్టి ఇంటికి పంపిండ్రు. ఒకటి పెద్ద సారు ఇంగ్లీషుల రాసింది. ఇంకోటి దాన్ని చూసి హాజరీలు రాసే టైం ఆఫీసు గుమాస్తా రాజారావు తెలుగుల రాసింది. తెలుగు కాయితం ఆయనే కూడబలుక్కుంట నాకు చదివి ఇనిపించిండు. డ్యూటీలో స్విచ్ దగ్గర నిద్రపోయినందున పని నుండి ఆపడమైనది. నిద్రపోయినట్టు ఒప్పుకొని సంతకం చేస్తే క్షమిస్తాము. పదిహేను రోజుల్లో చేయనిచో నౌకరి ఉండదు.

పట్టపగలు, నిలబడ్డ మనిషి, మిషన్ల మోత నడుమ నిద్రపోయిండట. నా ఒళ్లు భగ్గున మండింది.

"ఉట్టి సంతకమే కద, చేసి పారెయ్" అన్నరు అందరు. "నేను నిద్రపోలే" అన్నడు ఆయన. భూమి లేదు, ఇగ నౌకరి గూడ పోతదని నాకు తెలుసు. అయినా సంతకం చెయ్యమని నేను చెప్పలే. పదో దినం లింగం అరుగు మీదికొచ్చి నవ్వుకుంట అడిగిండు, "మా చేను గూడ గట్లనే చూసినవా కిష్టప్పా?" ఆనాడు ఆయన బువ్వ ముట్టలే. ఊర్లె అప్పటికే నిద్ర కిష్టప్ప అనవట్టిండ్రు.

కోస్తా నుంచి వచ్చి మా వాడల కిరాయికున్న పద్మావతి టీచరమ్మకు పాలు పోసేది నేనే. పన్నెండో దినం కోపంల చూసుకోక పోస్తే పాలు గడప మీద ఒలికినయి. ఏమైందని అడిగింది. కొంగుల ముడేసుకున్న కాయితాలు తీసిచ్చిన. ఇంగ్లీషుది చదివింది. తెలుగుది చదివింది. మళ్ల ఇంగ్లీషుది చదివింది.

"మొగులమ్మా, పెద్ద సారు మీ ఆయన నిద్రపోయాడని రాయలేదు" అన్నది.

"మరి అండ్ల నిద్ర లేదా అమ్మా?"

"మాట ఉంది. అస్లీప్ ఎట్ ద స్విచ్ అని రాశాడు. స్విచ్ దగ్గర నిద్ర అనే. కానీ ఇంగ్లీషువాళ్లు చూసుకోవాల్సినవాడు ఏమరుపాటుగా ఉంటే అలా అంటారు. నువ్వు ఎవరినైనా కళ్లు నెత్తికెక్కాయా అని తిడతావు కదా. నిజంగా నెత్తి మీద ఉంటాయా?"

నాకు నవ్వు రాలే. సారు ఇంగ్లీషు సామెతకు నా మొగడు పన్నెండు దినాలు నిద్రపోయిండన్నమాట. రాసినాయనకు తెలుగు రాదు, తెలుగు చేసినాయనకు ఆ ఇంగ్లీషు తెల్వదు, నడుమ మా ఇజ్జత్ బజార్ల పడ్డది.

ముగ్గురం ఫ్యాక్టరీ ఆఫీసుకు పోయినం. టీచరమ్మ చెప్పంగనే పెద్ద సారు కుర్చీల ఎనకకు వాలి నవ్విండు. అజాగ్రత్త అని మాత్రమే తన అర్థమట. రాజారావును పిలిచి నిద్ర కొట్టేయించి అజాగ్రత్త అని రాయించిండు. దాని మీద సంతకం చేసి రేపటి సంది డ్యూటీకి రమ్మని మా ఆయన చేతికి కలం ఇచ్చిండు. నేను ఊపిరి పీల్చుకున్న.

మా ఆయన కలం కింద పెట్టిండు. "రిజిస్టర్ తెప్పియ్యుండ్రి" అన్నడు.

తెచ్చిండ్రు. మూడు దినాలవి మూడు లైన్లు, నాగలి చాళ్ల లెక్క వంకర వంకర. గంట మోగుతలేదు. గంట మోగుతలేదు. గంట మోగుతలేదు. మూడో లైను చివర, చెప్పిన అని గూడ ఉన్నది. టీచరమ్మ చదివి ఇంగ్లీషుల చెప్పింది. ప్రతి లైను కింద పెద్ద సారు సంతకం ఉన్నది. ఏం రాసుందో అడగకుండనే పెట్టిండు.

మా ఆయన టీచరమ్మ దిక్కు తిరిగి సారు రాసిన ఆ ఇంగ్లీషు మాట ఇంకోపారి చెప్పమన్నడు. ఇన్నడు. ఆ సంతకాల మీద వేలు పెట్టి సారును అడిగిండు, "అస్లీప్ ఎట్ ద స్విచ్. గిసుంటి దాన్నేనా సారు గట్ల అనుడు?"

సారు కాయితం గుంజుకొని చింపిండు. డ్యూటీకి పొమ్మన్నడు. తప్పయిందని మాత్రం అనలే. గంట ఆ సాయంత్రమే బాగైంది, తీగ ఒక్కటి తెగిందట, అంతే.

చింపింది ఆఫీసుల కాయితం. ఊరి నోట్లెది ఎవలు చింపుతరు? సంతకాలు పెట్టినాయనకు ఎవలు పేరు పెట్టలే. మొన్న పోస్టుమ్యాన్ జిన్నారం నుంచి మా చెల్లె రాసిన కార్డు పట్టుకొచ్చి, "నిద్ర కిష్టప్ప ఇల్లు ఇదేనా?" అని అడిగిండు. నేను చెయ్యి చాపలే. "కార్డు మీద ఏం రాసుందో చదువు" అన్న.

"కిష్టప్ప, చిట్కుల్" అని చదివిండు.

"మళ్ల చదువు" అన్న.