ఖరగ్‌పూర్ ఆర్డరూ, మా రెండు ఇంగ్లీషులూ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే అర్హత నాకింకా రాలేదని మా పెద్దమ్మ అంటుంది. అలా అనాలంటే తల నెరవాలట, కనీసం ఒక పన్నయినా ఊడాలట. నేను చెప్పబోయేది ఆరేళ్ళ కిందటి సంగతి. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాన్ని తలుచుకున్నట్టే ఉంటుంది (ముఖం నాదే, జుట్టు కాస్త ఎక్కువ, బుద్ధి కాస్త తక్కువ). ఆ రోజుల్లో ఒడిశాలోని బరంపురంలో మా పెదనాన్న అప్పడాల దుకాణంలో నాకొక సింహాసనం ఉండేది. నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు. దాని మీద కూర్చున్నవాడి చేతిలోనే షాపు ఫోను ఉండేది, ఆ ఫోనులోనే బయటూళ్ళ ఆర్డర్లన్నీ వచ్చేవి, వాటికి ఇంగ్లీషులో జవాబు రాసేది నేనే. వీధిలో నా పేరు ఎవరూ పిలిచేవారు కాదు, 'ఇంగ్లీషోడు' అనేవారు. ఆ మాటలో గౌరవం ఎంత, వెటకారం ఎంత అని నేనెప్పుడూ తూకం వెయ్యలేదు. తూకం వేస్తే నష్టమని తెలుసు.

మా ఇంట్లో భాషలకి హద్దులుంటాయి. గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దిగితే ఒడియా, రైల్వే పార్సిలు ఆఫీసులో హిందీ, ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి ఇంగ్లీషు. దుకాణం బోర్డు ఒడియాలో ఉంటుంది. పొట్లం మీద పాపడ్ అని ఉంటుంది, అప్పడం అని ఉండదు. తెలియని మనిషితో ముందుగా తెలుగు మాట్లాడడం మా పెదనాన్నకి చొక్కా లేకుండా బజారుకెళ్ళడం లాంటిది. కాబట్టి మా పెద్ద ఖాతా అయిన ఖరగ్‌పూర్ దుకాణానికి కూడా రెండేళ్ళుగా నా ఇంగ్లీషే వెళ్ళేది. ఆ దుకాణం పేరు బెంగాలీలో ఉంది, ఫోను బొమ్మలో కాళీమాత ఉంది. అవతల ఎవరో పంచె కట్టిన బెంగాలీ పెద్దమనిషి ఉన్నాడనీ, నా వాక్యాలు చదివి తల పంకిస్తున్నాడనీ నేను ఊహించుకునేవాణ్ణి. ఎవరూ ఎవరికీ ఫోను చేసేవాళ్ళం కాదు. రాయడం వేరు, మాట్లాడడం వేరు. రాసేటప్పుడు చెమట పట్టినా అవతలివాడికి కనపడదు.

ఆ వేసవిలో చిలకా సరస్సు ఒడ్డునున్న రంభ అనే ఊరి నుంచి బావ దిగాడు. మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. బ్యాంకు పరీక్షలకి చదువుకుంటూ మా ఇంట్లో ఉండి, ఖాళీ సమయంలో మావయ్య దుకాణంలో సాయం చేస్తాడని ఒప్పందం. అతనితో పాటు ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, రెండువందల పేజీల నోటుబుక్కు వచ్చాయి. నోటుబుక్కు నిండా జంట మాటలు. ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే ఇంగ్లీషు మాటలన్నీ ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, మధ్యలో స్కేలుతో గీసిన ఎర్ర గీత. కవలపిల్లల బడి హాజరుపట్టీలా ఉండేది.

వచ్చిన మూడో రోజున నా భుజం మీదనుంచి ఫోనులోకి తొంగి చూశాడు.

"ఇదేటి బామ్మర్దీ, ప్లీజ్ ఎక్సెప్ట్ అవర్ బెస్ట్ పాపడ్స్ అని రాసీసినావు?"

"ఏం? మా మంచి అప్పడాలు తీసుకోండి అని."

"తీసుకోండి అంటే యాక్సెప్ట్. ఎక్సెప్ట్ అంటే తప్పించి. మా మంచి అప్పడాలు తప్పించి మిగతావి తీసుకోండి అంటన్నావు."

గల్లా దగ్గరున్న పెదనాన్న కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎన్నాళ్ళబట్టి రాత్తన్నాడ్రా అలాగ?"

"రెండేళ్ళబట్టి, మావయ్యా," అన్నాడు బావ, ఫోను పైకి జరిపి చూసి, రోగి చీటీ చదివే డాక్టరులా.

రెండేళ్ళుగా ఆ ఖరగ్‌పూర్ ఆయన మా మంచి అప్పడాలే కొంటున్నాడు కదా అని నేనన్నాను. ఎవరూ వినలేదు. సాయంత్రానికి ఫోను బావ చేతిలో ఉంది. మర్నాటికి నీలం స్టూలు బావ కింద ఉంది. మూడో రోజు టేబులు ఫాను, పుట్టినప్పటినుంచీ నా వైపే చూసే ఫాను, మెడ తిప్పుకుని బావ వైపు చూసింది. (తిప్పింది పెదనాన్నే. అయినా ఫానుకి కూడా కాస్త సిగ్గుండాలి.) నేను మూటలు కుట్టే దబ్బనం పట్టుకుని వెనక గోడౌనులోకి బదిలీ అయ్యాను.

ఇప్పుడు నవ్వుతున్నాను కానీ, అప్పుడు నాకు అన్నం సహించలేదు. బావ అప్పడం విరిచిన చప్పుడు వింటే కూడా ఒళ్ళు మండేది. ఉదయం టీ కుర్రాడు మొదటి గ్లాసు అతనికిచ్చాడని ఆ టీ తాగడం మానేశాను (మూడు రోజులు, తలనొప్పి వచ్చేదాకా). ఓడించాలంటే చదవాలి కాబట్టి నేనూ రహస్యంగా జంట మాటలు చదవడం మొదలుపెట్టాను. స్టేషనరీలు రెండున్నాయి, ఒకటి కాగితాలూ కలాలూ, రెండోది కదలకుండా ఉండేది. లూజ్‌లు రెండున్నాయి, ఒకటి వదులు, ఒకటి పోగొట్టుకోవడం. తెలుగులో రాస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, కాబట్టి మన లిపి మనిషిని అనవసరంగా అవమానించదు. వారం రోజులు బట్టీ పట్టి, ఓ మధ్యాహ్నం పెదనాన్న వింటుండగా బావని నిలదీశాను.

"బావా, ఎన్వీకీ జెలసీకీ తేడా ఏటో సెప్పు సూద్దాం."

అతను నోటుబుక్కు తెరవను కూడా లేదు. "ఎన్వీ అంటే ఎదటోడి దగ్గరున్నది మనకి కావాలనిపించడం. జెలసీ అంటే మన దగ్గరున్నది ఎదటోడు పట్టుకుపోతాడేమోనని భయం." ఆగి, నన్ను కాస్త జాలిగా చూసి, "నీది రెండోది," అన్నాడు.

"ఫోను సంగతిలో రెండోది. ఫాను సంగతిలో మొదటిది," అన్నాను.

పెదనాన్న నవ్వాడు. కానీ ఫాను నా వైపు తిరగలేదు.

ఇంతలో ఒక వింత జరిగింది. ఖరగ్‌పూర్ ఆర్డర్లు ఆగిపోయాయి. బావ రాసే ఇంగ్లీషు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది, ఒక్క ముడత ఉండేది కాదు. 'మీ గౌరవనీయమైన సందేశం మాకు చేరినదని సవినయంగా తెలియజేసుకొనుచున్నాము' వంటి వాక్యాలు ఇంగ్లీషులో నాలుగైదు వేసేవాడు. అవతలినుంచి చదివినట్టు నీలం గుర్తులు పడేవి, జవాబు వచ్చేది కాదు. వారమైంది, రెండు వారాలైంది. పెళ్ళిళ్ళ సీజను ముంచుకొస్తోంది, మేడ మీద పెద్దమ్మా, ఆవిడ దగ్గర అప్పడాలు వత్తే ఆడవాళ్ళూ చేసిన సరుకు గోడౌనులో పేరుకుపోయి నేను నిలబడే చోటు కూడా మింగేస్తోంది. ఇంటి ఆదాయం మందగిస్తుంటే ఏడవాల్సింది పోయి నేను లోలోపల పండగ చేసుకున్నాను. అంత మంచివాణ్ణి.

చివరికి ఓ ఉదయం పెదనాన్న బల్ల గుద్దాడు. "రాతలు సాలు. ఫోను సేసి మాటాడండి. ఈ ఖాతా నిలబెట్టినోడిదే ఫోను. పోతే ఇద్దరూ గోడౌనే."

బావ మొహం చూడాలి. నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి, గొంతు లేదు. కాగితం మీద వాక్యాలు రాసుకుని, మంచినీళ్ళు తాగి, స్పీకరు పెట్టి నంబరు నొక్కాడు. పెద్దమ్మ సరిగ్గా అప్పుడే కొత్త పిండి అప్పడాలు ఎండాయో లేదో చూపించడానికి పళ్ళెంతో మెట్లు దిగింది.

"గుడ్ మార్నింగ్. ఐ యామ్ కాలింగ్ విత్ రిఫరెన్స్ టు…"

అవతల, ఫోను దూరంగా పెట్టి కాబోలు, ఓ ఆడగొంతు కేక పెట్టింది. "ఓలమ్మో! ఆల్లే ఫోను సేసీసినారు! ఇంగ్లీషులో మాటాడేత్తన్నారు! బేగి రండి, నానేటి సెప్పాలి?"

దుకాణంలో ఎవరూ కదల్లేదు. నేను నేర్చుకున్న రెండో స్టేషనరీ అదే. పెద్దమ్మ మాత్రం పళ్ళెం గల్లా మీద పెట్టి ఫోను వైపు వంగింది.

"ఏటమ్మా, మీరు తెలుగోల్లా?"

"అయ్యో… మీరూనా?"

"మరేటి! మాది బరంపురంలో మూడు తరాలు."

"మా పుట్టిల్లు మీ పక్కనే, గిరిసోలండీ!" ఆ గొంతు ఒక్కసారిగా విచ్చుకుంది. "బోర్డు ఫోటో పంపితే ఒడియా సూసి మీరు ఒడియావోల్లనుకున్నాం. మాకు ఒడియా మాట వొచ్చుగానీ రాత రాదు. మా దుకాణం బెంగాలీవోల్ల దగ్గర కొన్నాం, పేరు మార్చలేదు. మా పెద్దోడి గ్రామరు బుక్కు సూసి నానే రాత్తన్నాను ఇన్నాళ్ళూ."

పంచె కట్టిన నా బెంగాలీ పెద్దమనిషి ఆ క్షణంలో పోయాడు. సంతాపానికి వ్యవధి లేదు, ఎందుకంటే ఆర్డర్లు ఎందుకు ఆపారని పెద్దమ్మ అడిగేసింది.

"ఏటి సెప్పమంటారు వొదినా! మునుపు రాసే అబ్బాయి మంచోడు. మాలాగే తప్పులు రాసీవోడు. మనసుకి దైర్నంగా ఉండేది. ఈ కొత్తాయన రాత సూత్తే కోర్టు నోటీసులాగుంది. మీరు ఏదో పెద్ద కంపినీకి అమ్మీసినారనుకున్నాం. జవాబులో తప్పొస్తే నవ్వుతారని బయమేసి ఊరుకున్నాను."

నేను బావ వైపు చూశాను. అలాంటి చూపు జీవితంలో ఒకసారే దొరుకుతుంది, తొందరపడకుండా చూశాను. నా తప్పులు ఖరగ్‌పూర్‌లో ఒకావిడకి ధైర్యమిచ్చాయి! పెదనాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. బావ తనంతట తనే స్టూలు మీదనుంచి లేచాడు. నేను కూర్చోబోయాను.

అప్పుడే పెద్దమ్మ స్పీకరు తీసేసి, ఫోను చెవికి ఆనించుకుని, "గిరిసోల్లో ఏ వీధమ్మా? టేసన్ దగ్గరా?" అంటూ మెట్లెక్కేసింది. గంటకి ఆర్డరు వచ్చింది, మామూలుకి రెట్టింపు. ఫోను మాత్రం రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఖాతా నిలబెట్టినోడిదే ఫోనని పెదనాన్న మాటిచ్చాడు కాబట్టి ఎవరికీ నోరు లేదు. నేనూ బావా గోడౌనులో ఎదురెదురు బస్తాల మీద కూర్చుని, పైనుంచి వినపడే నవ్వులు విన్నాం.

"ఇప్పుడు మనది ఎన్వీయా జెలసీయా?" అన్నాను.

"ఏదైనా ఒకటే బామ్మర్దీ. ఆ దబ్బనం ఇలా అందుకో," అన్నాడు బావ.

బావకి ఆ మరుసటేడు కోరాపుట్ వైపు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేటప్పుడు అతన్ని రైలెక్కించి ఇంటికొస్తే అన్నం సహించలేదు, కారణం మాత్రం వేరు. అప్పట్నుంచి నేను చాలావాటికి కుళ్ళుకున్నాను. ఎవరి కారుకో, ఎవరి ఫ్లాటుకో, నాతో చదివి ఇంకా బట్టతల రానివాడికో. ఏదీ నిలబడదు, రెండు రోజుల్లో బద్ధకం వచ్చేస్తుంది. ఒక ప్లాస్టిక్ స్టూలు కోసం రెండు నెలలు ఒళ్ళంతా పెట్టి, నిష్ఠగా, వేరే పని లేకుండా కుళ్ళుకున్న ఆ కుర్రాడంటే నాకిప్పుడు కొంచెం అసూయ.