మగ్గాల వీధి దవాఖానాలో ఆ సోమవారం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు కర్నూలు బస్సు దిగి ఆదోనిలో మా ఇంటికి వచ్చింది. చెప్పకుండా వచ్చే పిల్ల కాదు. చేతిసంచి గోడవారగా పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా వసారాలో కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. ప్రభుత్వం నడిపే ఒక ఫోను కేంద్రంలో ఆమెకు ఉద్యోగం. బతుకు మీద ఆశ పోయినవాళ్ళు, మనసు చెదిరినవాళ్ళు, దిక్కు తోచక వాళ్ళ ఇంటివాళ్ళు ఆ నంబరుకు చేస్తే ఎత్తి మాట్లాడడం, అవసరమైతే అంబులెన్సును పంపించడం ఆమె పని. రెండు రోజుల కిందట ఒక రైతు ఫోను చేసి ఈమెతో ముప్పావుగంట మాట్లాడి, మధ్యలో పెట్టేశాడట. అంబులెన్సు ఆ ఊరు చేరేసరికి ఆలస్యమైపోయింది. ఊరూ పేరూ నాకు చెప్పలేదు, చెప్పకూడదట. ఆఫీసువాళ్ళు ఆమెకు సెలవిచ్చి, పనిచేసేవాళ్ళ గోడు వినడానికే పెట్టిన ఒక పెద్దావిడ దగ్గర కూర్చోబెట్టారట.

"నీ తప్పేం లేదంటాండారు పెద్దమ్మా. అది నాకూ తెలుసు. తెలిసినా అన్నం దిగడంల్యా," అని, "మీ కాలంలో నర్సులను ఎట్లుండారని ఎవరు అడుగుతాండిరి?" అనింది.

నేను టీ పెట్టడానికి లోపలికి పోయాను. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.

నా వయసువాళ్ళకు ఆనాటి ఎమ్మిగనూరు గుర్తుండే ఉంటుంది. పొద్దున లేచింది మొదలు ఇంటింటా మగ్గం చప్పుడు, వీధుల్లో బారుగా సాగదీసిన పడుగు దారాలు, వాటికి తగలకుండా పక్కకు ఒదిగి నడిచే మనుషులు. నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను అక్కడ మగ్గాల వీధి చివర ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాకు వేశారు. డాక్టరు గారు, నేను, ఒక కాంపౌండరు, అంతే మా బలగం. నేను అద్దెకున్న గదికి మూడిళ్ళ అవతల ఒక నేత కుటుంబం ఉండేది. ఆయనను అన్నా అని, ఆమెను వదినా అని పిలిచేదాన్ని. వాళ్ళేమో నన్ను సిస్టరమ్మా అనేవాళ్ళు. కొత్త ఊళ్ళో ఒంటరి ఆడపిల్లనని, పండగపూట ఓళిగలు చేస్తే నా వంతు తీసిపెట్టకుండా వదిన తినేది కాదు. అన్న మాటకారి కాదు గాని, గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే దారాల మధ్య అటూ ఇటూ ఆయన విసిరే నాడె పరుగు చూడడానికి నేను డ్యూటీకి పోతూ పోతూ గుమ్మంలో ఆగేదాన్ని.

మరమగ్గాలు వచ్చాక ఆ వీధిలో ఒక్కొక్క ఇల్లే మూగబోతూ వచ్చింది. అన్నకు నూలు ఇచ్చే ఆసామి ఇవ్వడం మానేశాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఒకటి నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఆయన దాని ముందు కూర్చునేవాడు గాని నేసేవాడు కాదు.

ఒక సోమవారం పొద్దున ఆయన దవాఖానాకు వచ్చాడు. ఆ రోజు చంటిపిల్లలకు సూదులు వేసే రోజు, వరండా నిండా తల్లులు, పిల్లల ఏడుపులు. తలనొప్పి, నిద్ర పట్టడం లేదు అన్నాడు. నేను చీటీ రాసి బలానికి మాత్రలు చేతిలో పెట్టాను. ఆయన పోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఎవరికీ వినపడకుండా అడిగినాడు.

"సిస్టరమ్మా, మనిషికి లోపలంతా ఖాళీ అయిపోతే దానికి సూదిమందు ఏమన్నా ఉంటాదా?"

నేను నవ్వాను. ఎగతాళి కాదు, ఆయన మీద ఉన్న చనువుతో వచ్చిన నవ్వు. "కంటినిండా నిద్రపోతే అన్నీ సర్దుకుంటాయి పోన్నా," అన్నాను. ఆయన కూడా కొంచెం నవ్వినట్టే ఉండె. మాత్రలు జేబులో వేసుకుని, తల్లుల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు వదిన వచ్చింది. "తనలో తానే మాట్లాడుకుంటాండాడు. నేను లేకుంటే మీకు బాగుంటాది అంటాడు. నాకు భయమైతాంది సిస్టరమ్మా," అనింది. అప్పుడు నాకు నిన్నటి మాట గుండెలో గుచ్చుకుంది. వెంటనే డాక్టరు గారితో చెప్పాను. ఆయన మంచివాడు. ఇట్లాంటి వాటికి మన దగ్గర మందూ లేదు, చూసేవాళ్ళూ లేరు, కర్నూలుకు పోవాల్సిందే అని ఉత్తరం రాసిచ్చారు. కాని ఇంటి పెద్దలు ముందు మంత్రాలయం తీసుకుపోయి మూడు రోజులు సేవ చేయిస్తామన్నారు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినాడని వీధిలో తెలిస్తే తలెత్తుకోలేమన్నారు. నేను గట్టిగా కాదని ఉంటే వినేవాళ్ళేమో. నేనూ సరేనన్నాను. గురువారం అక్కడికి, అటు నుంచి వచ్చాక కర్నూలుకు అనుకున్నాము.

బుధవారం పొద్దున పది గంటలప్పుడు నలుగురు ఆయనను నులకమంచం మీద మోసుకొచ్చినారు. ఏం చేసుకున్నాడో ఇక్కడ రాయను. డాక్టరు గారూ నేనూ చేతనైనంతా చేశాము. అన్న పోయినప్పుడు నా వేళ్ళు ఆయన మణికట్టు మీదే ఉన్నాయి. బయట గోడకు ఆనుకుని కూర్చున్న వదినకు ఆ మాట నేనే చెప్పాను. డాక్టరు గారు నా వైపు చూడకుండా, "చేతులు కడుక్కోమ్మా, బయట రోగులు కాసుకోని ఉన్నారు," అన్నారు. కడుక్కున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా కట్లు కట్టాను, సూదులు వేశాను, ఎవరో ముసలమ్మ చెయ్యి తేలిగ్గా ఉందని దీవించింది కూడా. ఇంటికి పోయే వేళకు బయటికి వచ్చి చూస్తే డాక్టరు గారు తన స్కూటరు మీద కూర్చుని ఉన్నారు. దాన్ని స్టార్టు చేయడం మరిచిపోయినట్టు, తాళంచెవి చేతిలో పట్టుకుని, ఎదుటి గోడను చూస్తూ. నేను పక్క నుంచే నడిచిపోయాను. ఆయననూ ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. కొన్ని నెలలకు ఆయన బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు.

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. కర్మలన్నీ అయిపోయాక ఒక రోజు గుమ్మంలో కనపడి, మామూలుగానే చెప్పింది.

"ఆ పొద్దు నీ దగ్గర నుంచి వచ్చి, సిస్టరమ్మ నవ్వింది, పెద్ద రోగమేం కాదంట్లే అన్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు."

ఓదార్పుగా చెప్పిందో, నిందగా చెప్పిందో నాకు ఈనాటికీ తెలియదు. అప్పటి నుంచి ఆ వీధిలో నడవలేక చుట్టూ తిరిగి డ్యూటీకి పోయేదాన్ని. నీళ్ళు పడడం లేదని అర్జీ పెట్టుకుని ఆదోనికి మార్పించుకున్నాను. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఎందరికో పురుళ్ళు పోశాను, ఎందరివో కళ్ళు మూశాను. ఇది మాత్రం మా ఆయనకు కూడా చెప్పలేదు. రోగి మనసు గురించే అడిగే దిక్కులేని రోజుల్లో నర్సు మనసు గురించి అడగాలని ఎవరికి తోస్తుంది?

ఆ మధ్యాహ్నం ఇదంతా మా పిల్లకు చెప్పాను. నీ తప్పేం లేదు పెద్దమ్మా అంటుందేమోనని భయపడ్డాను గాని ఆమె అట్లా అనలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఆ మామ పేరేంది పెద్దమ్మా?" అని అడిగింది. చెప్పాను. అన్నేళ్ళ తర్వాత ఆ పేరు నా నోటి నుంచి వచ్చింది, అంతే, తర్వాత ఏడుపు ఆగలేదు. అది కూడా ఏడ్చింది. పొద్దు వాలే వేళకు ఇద్దరం ఒక కంచంలోనే ఇంత తిన్నాము.

ఇప్పుడు ఫోను ఉంది, అంబులెన్సు ఉంది, మా ఆదోనిలోనే మనసుకు మందులు దొరుకుతున్నాయి. అయినా ఆ ఫోను కేంద్రంలో కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయట, ఒక్కొక్కరు ముగ్గురి పని చేస్తున్నారట, ఆ పెద్దావిడ కూడా నెలలో రెండుసార్లే వస్తుందట. మా కాలానికీ వీళ్ళ కాలానికీ ఉన్న తేడా పెద్దదే గాని, ఆ రైతుకు అది చాలలేదు. సెలవు అయిపోగానే పిల్ల మళ్ళీ డ్యూటీకి పోయింది. ఇప్పుడు రోజూ పని దిగాక నాకు ఫోను చేస్తుంది. ఏమడగాలో నాకు ఎవరూ నేర్పలేదు. తిన్నావా అంటాను. తిన్నాను అంటుంది. తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడము. నేను మాత్రం ఫోను పెట్టెయ్యను.