చిరుతల బిళ్ళలు, టీవీ అడుగు

చింతపండు గుజ్జులో కాస్త బూడిద కలిపి ఇత్తడిని తోముతుంటే ఒక పుల్లటి వాసన లేస్తుంది. ప్రతి ఏటా శ్రీరామనవమికి రెండు రోజుల ముందు భజన సమాజం చిరుతలన్నీ మా పెరట్లో బండ మీద పరిచి, వాటి బిళ్ళలను ఒక్కొక్కటిగా తోమడం ఇప్పుడు నా పని. చిరుతలు చూడని వారికి చెబుతాను: అవి జానెడు పొడవున్న చెక్కముక్కలు, వాటి చీలికల్లో గుండ్రటి ఇత్తడి బిళ్ళలు మేకుకు వదులుగా వేలాడుతుంటాయి. వాటిని వేళ్ళ మధ్య పట్టుకుని మోగిస్తూ, గుండ్రంగా తిరుగుతూ రాముని కథ పాడుకుంటాం. ఈ ఏడు కూడా తోముతూ తోముతూ ఉండగా ఆ ఒక్క బిళ్ళ చేతికి వచ్చింది. అన్నిటికీ నడుమ ఒకటే చిల్లు ఉంటే, దానికి అంచున మరో రెండు చిల్లులున్నాయి. అవి నేను పొడిచినవే. పదేళ్ళ వయసులో, భయంతో కాదు, భక్తితోనే పొడిచాను.

మా ఇల్లు వరంగల్‌లో స్టేషను దగ్గరి బజారులో, తాత కిరాణా దుకాణం వెనుకే ఉండేది. ఎండలు ముదిరే నెలల్లో ఎనుమాముల మార్కెట్‌కు మిరప బస్తాలు వేసుకుని పోయే లారీలు మా వీధి మొదట్లో ఆగితే చాలు, దుకాణంలో తాత, వంటింట్లో నాయనమ్మ, పెరట్లో మేము వరసగా తుమ్మేవాళ్ళం. బెల్లం, ఇంగువ, గోనెసంచులు, అగరొత్తులు, వీటన్నిటి మీద సన్నగా పరుచుకున్న మిరపఘాటు: నా చిన్నతనం వాసన అదే. తాత పగలంతా తక్కెడ పట్టేవాడు, సాయంత్రం కాళ్ళు కడుక్కుని రామాలయం మండపంలో చిరుతలు పట్టేవాడు. భజన సమాజానికి ఆయనే గురువు. నాకు అక్షరాలకన్నా ముందు నవవిధ భక్తులను వేళ్ళ మీద లెక్కపెట్టడం నేర్పాడు. శ్రవణం, కీర్తనం, స్మరణం అంటూ వేళ్ళు మడుస్తూ పోయి, పాదసేవనం దగ్గర తప్పకుండా ఆగి, "కాళ్ళు ఊకె నడిచెటందుకే ఇయ్యలేదు బిడ్డా" అనేవాడు.

ఆ ఇంట్లోకి నాన్న టీవీ తెచ్చాడు, తర్వాత కేబుల్ వచ్చింది. తాత దాన్ని కాదనలేదు గానీ, పొద్దున దీపం పెట్టేదాకా వేయవద్దని ఒక నియమం పెట్టి, తన కుర్చీని మాత్రం దానికి వీపు చేసి వేసుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఒక చానెల్లో పాత ఇంగ్లీషు సినిమాలు, అందులోనూ పాటలు, నాట్యాలే ఎక్కువగా ఉండేవి వచ్చేవి. నాయనమ్మ బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిపి గంజు గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, నూనె వేసి కాల్చిన సర్వపిండిని తుంచి తలా ముక్క పెట్టేది. మా చిన్నాయన కూతురు రమ, నేను ఆ ముక్కలు కొరుకుతూ, మాటొక్కటి అర్థం కాకపోయినా, కళ్ళు తిప్పకుండా చూసేవాళ్ళం. ఆడేవాళ్ళ పేర్లు తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. తోకలాంటి కోటు వేసుకుని గాలిలో తేలినట్టు ఆడే బక్కపలచటి మనిషి సన్నాయన. నేలకు జీరాడే ఈకల గౌను తొడుక్కుని ఆయన చేతిలో బొంగరంలా తిరిగే ఆమె ఈకలక్క. వాళ్ళు బల్లల మీద ఆడేవారు, మెట్ల మీద ఆడేవారు, కోపం వస్తే ఆడేవారు, సంతోషమైతే ఇంకా ఎక్కువ ఆడేవారు. మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి పాడడం రమకు వింతగా ఉండేది గానీ, భజన ఇంట్లో పుట్టిన నాకు అందులో వింతేమీ కనబడలేదు.

ఒకసారి యాభై మంది ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి వంగుతూ లేస్తూ ఉంటే, కెమెరా పైనుంచి చూపించింది. వలయంలో వలయం, రేకులో రేకు, పెద్ద పువ్వొకటి విచ్చుకుంటున్నట్టుంది. నాయనమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉంది.

"ఇగో, బతుకమ్మ ఆడుతాన్లు!" అంది. మళ్ళీ కాసేపు చూసి, "చీరెలే లెవ్వు పాపం" అని జాలిపడింది.

నన్ను పట్టుకున్నది మాత్రం సన్నాయన బూట్ల చప్పుడు. ఆయన అడుగు వేస్తే నేల మాట్లాడేది. టక్కున ఒక మాట, గలగలమని పది మాటలు, మళ్ళీ మౌనం. నాకూ ఆ చప్పుడు కావాలి. బడికి తొడుక్కునే కాన్వాసు బూట్లకు సోడాసీసా మూతలు కుట్టాను. ఒక పూటకే చదునై కిందపడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే తాత, పిల్లల చిరుతల భజనలో నవమినాడు అందరికన్నా ముందు నిలబడి అడుగు అందించే పని నాకు ఇస్తానన్నాడు. అప్పటిదాకా ఆ చోట మగపిల్లలే నిలబడ్డారు. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. ఒకవైపు రాముడు, ఒకవైపు సన్నాయన, ఇద్దరి మధ్య నా రెండు కాళ్ళు.

అటక మీద రేకుపెట్టెలో పాత చిరుతలు ఉండేవి. మేకులు వదులై పక్కన పెట్టినవి. దేవుని బిళ్ళలైతే సోడామూతలకన్నా బాగా మోగుతాయని నాకు తోచింది. దొంగతనం కాకూడదని పూజగదిలో నిలబడి రాముని పటాన్ని అనుమతి అడిగాను. ఆయన వద్దనలేదు. ఎనిమిది బిళ్ళలు ఊడదీసి, మేకుతో అంచున చిల్లులు పొడిచి, దబ్బనంతో బూటుకు నాలుగేసి చొప్పున కుట్టేశాను. దేవుడి సొమ్మును కాలి చెప్పుకు కడుతున్నానన్న ఆలోచన, ఆ ఇంట్లో పుట్టి ఆ చదువు చదివిన నాకు, ఒక్క క్షణమైనా రాలేదు. అంత సంబరంగా ఉంది.

మిద్దె మీద మొదటి అడుగు వేయగానే నా ఒళ్ళంతా మోగింది. రమ ఈకలక్కగా, మెడలో నాయనమ్మ తువ్వాలుతో తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే కింద డోలక్ వాయించే సాంబయ్య కాక వచ్చాడు. మార్కెట్ యార్డులో హమాలీగా బస్తాలు మోసి, సాయంత్రం భజనకు వచ్చేవాడు. ఆ ఏడు పిల్లలు ఎక్కువయ్యారని పాత చిరుతలు బాగుచేద్దామని ఆయనా తాతా పెట్టె దించారు. బిళ్ళలేవి అని కింద వెతుకుతుంటే, పైనుంచి అవే గలగలమంటున్నాయి.

ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. నేను ఒంటికాలి మీద ఆగిపోయాను.

"ఓరి దేవుడా! బూట్లకు కుట్టిందే!" అని కాక లెంపలు వేసుకున్నాడు. "దీన్ని తీస్కపోయి స్వామి ముంగట నిలవెడుతవా మామా?"

తాత పిట్టగోడ మీద కూర్చుని, నా కాలిని తన ఒళ్ళోకి లాక్కుని, బూటు విప్పి, దుకాణంలో సుతిలి తాడు కోసే కత్తితో ఒక్కో దారం తెంపాడు. ఎనిమిది బిళ్ళలూ కండువాలో మూటకట్టాడు.

"ఈ అడుగు ఎవలు నేర్పిన్రే?"

"టీవీల తాతా."

"ఐతారం నాకు జర సూపియ్యి. నవమి సంగతి అప్పుడు చెప్త."

ఆ నాలుగు రోజులు నేను ఉన్న తీరు దేవుడికే తెలియాలి. బిళ్ళలను చింతపండుతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తోమాను. అవి బంగారంలా అయ్యాయి, నా వేళ్ళు ముడతలు పడ్డాయి. ఎవరూ చెప్పకుండానే ఒక పూట ఉపవాసం ఉన్నాను. నాయనమ్మ చూసీ చూడనట్టు కొబ్బరిముక్క చేతిలో పెట్టింది.

ఆదివారం తాత తన కుర్చీని మొదటిసారి టీవీ వైపు తిప్పుకున్నాడు. తీర్పు వినడానికి సాంబయ్య కాక కూడా వచ్చి చాప మీద కూర్చున్నాడు. టీవీ పెట్టగానే కరెంటు పోయింది. అరగంట సేపు అందరం ఆ నల్లటి అద్దంలో మమ్మల్ని మేమే చూసుకుంటూ సర్వపిండి నమిలాం. నేను లోపల రామనామం జపిస్తూనే ఉన్నాను. కరెంటు వచ్చింది. రాముని దయ, సన్నాయనే వచ్చాడు. పెద్ద మెట్లవరస మీద, ఒక్కడే.

కాసేపటికి తాత వేళ్ళు మోకాలి మీద కదలడం చూశాను. ఇంకాసేపటికి కాక అరచెయ్యి ఖాళీ స్టీలు పళ్ళెం వెనుక సన్నగా దరువు వేస్తోంది.

"సాంబా, సూస్తాన్నవా? ఎనిమిది మాత్రలు. ఏడోది మడిమ మీద, ఎనిమిదోదానికి ఎగురు ఏస్తాండు."

"ఏస్తాండు గని, బూట్లతోటి గదా మామా!"

"బూట్లు తీసేస్తె మిగిలేది కాలే గదరా. అది దేవుడిచ్చిందే." తాత ముందుకు వంగాడు. "మొఖం సూడు వానిది. అంతగనం అలిసిపోయిండు, అయినా నవ్వుతాండు. మనోళ్ళు రెండు సుట్లు తిరిగితే మొఖాలు మాడ్సుకుంటరు."

"నేను గప్పుడే బతుకమ్మ అని చెప్పిన, ఎవలిన్నరు?" అంది వంటింట్లోంచి నాయనమ్మ.

ఆట అయ్యాక తాత నా వైపు తిరిగాడు. "ముందల నువ్వే నిలవడు. వట్టికాళ్ళతోటి. బిళ్ళలు చేతుల మోగాలె, మడిమ బండ మీద మోగాలె." ఆ సాయంత్రం నుంచి పెరట్లో బండ మీద ఆయనే నేర్పాడు, పంచె ఎగ్గట్టి, డెబ్భై ఏళ్ళ మడిమలతో. ముందు వేళ్ళు, తర్వాత మడిమ, ఎనిమిదో మాత్రకు ఒక చిన్న ఎగురు.

నవమినాడు కల్యాణం అయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కొబ్బరాకుల పందిరి కింద మిరియాల పానకం, వడపప్పు పంచుతున్నారు. పందిరి నీడ అందని చోట మండపం బండలు పెనంలా కాలుతున్నాయి. వలయం అక్కడికి వచ్చేసరికి పిల్లలు కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ తాళం తప్పుతున్నారు. నేను సన్నాయన అడుగు వేశాను. వేళ్ళు, మడిమ, ఎగురు. బండ అంటీ అంటకముందే కాలు లేస్తుంది కదా, కాలనే కాలదు! నా వెనుక పిల్ల చూసి వేసింది, దాని వెనుక రమ వేసింది, కాసేపటికి వలయమంతా అదే అడుగు. సాంబయ్య కాక డోలక్ మీద ఎనిమిదో మాత్రకు గట్టిగా ఒక దెబ్బ వేసి నన్ను చూసి తల ఊపాడు. తాత కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, మిరపఘాటు అన్నాడు. ఆ రోజు పండగ, మార్కెట్ బంద్.

ఇప్పుడు తాత లేడు, కాక లేడు, మిద్దె ఇల్లు మూడంతస్తులైంది. ఆ చానెల్ ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. సన్నాయన ఆటలన్నీ ఫోనులో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి. చూస్తాను, కళ్ళు చల్లబడతాయి. కానీ ఆదివారం కోసం ఆగడం లేదు, గంజు అడుగున మాడిన సర్వపిండి లేదు, కరెంటు కోసం చేసిన జపం లేదు. స్వర్గంలో సభ తీరితే రాముని ముందు తాత, సన్నాయన పక్కపక్కనే నిలబడి ఉంటారని మాత్రం నాకు గట్టి నమ్మకం.

అడుగు మిగిలింది. మా మండపంలో దాన్ని ఇప్పటికీ టీవీ అడుగే అంటారు, ఎందుకంటారో అడిగేవారు లేరు. మొన్న ఒక పెద్ద పిల్ల కొత్తగా చేరిన దానికి, "గిది శానా పాత అడుగు, దేవుని కాలంది" అని నేర్పుతుంటే విని ఊరుకున్నాను.

ఈసారి ముందు నిలబడే పిల్లకు చిల్లుల బిళ్ళ ఉన్న చిరుతలు ఇచ్చాను. వాటిని ఆనాడు నాకిచ్చింది తాతే. ఎనిమిదిలో ఒకదాన్ని తన చేత్తో అందులో బిగించి ఇచ్చాడు; తక్కిన ఏడూ ఇన్నేళ్ళలో అరిగి ఊడిపోయాయి. మిగతా వాటికన్నా కాస్త బొంగురుగా మోగుతుంది, ఎంత గుంపులోనైనా గుర్తుపట్టగలను. ఆ పిల్ల దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఈ తూట్లేంది అత్తా?"

"ఒకపారి బూటెక్కి ఆడింది."

పిల్ల చిరుత విదిలించి చూసింది. బిళ్ళ మోగి, ఆగకుండా వణుకుతోంది.

"అందుకేనా, నేను పట్టుకుంటె సుత నిలుస్తలేదు!" అంది, అప్పటికే మడిమ బండకు కొడుతూ.