బ్రెజిల్ కథ ఆగిపోయిన పేజీ

పరిశోధనకు బ్రెజిల్ సాహిత్యం తీసుకుంటానంటే నన్నెవరూ ఆపలేదు. ఆపి ఉంటే బాగుండేది. ఇంగ్లీషు అనువాదాలు తిరగేసి, కళ్ళు పోయేలా చదివి, అధ్యాయాలన్నీ రాసుకెళ్తే మా గైడ్ గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "అంతా బాగుంది గానీ పాఠకులేరమ్మా? మీ వైపు మామూలు మనుషులు ఈ కథలు వింటే ఏమంటారు? ముఖ్యంగా ముగింపు మీద ఏమంటారు? అది లేకపోతే నేను సంతకం పెట్టను" అన్నారు. ఏప్రిల్ ఆఖరు వరకే గడువు. నా ఏళ్ళ చదువంతా ఆ ఒక్క సంతకం దగ్గర ఆగింది.

మా ఊరు తోటపల్లి గూడూరులో నాకు మనుషులకేం కొదవ అనుకున్నాను. ఒక కథను తెలుగులోకి మార్చి, కాపీలు తీయించి, చుట్టాలందరికీ పంచాను. రొయ్యల గుంటలున్న మా బాబాయి పేరు చూసి, "బ్రెజిలా? ఆడ రొయ్య ఏం రేటు పలకతాందంట?" అన్నాడు. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మా అన్న, "ఆ దేశం నుంచి మాకు నూనె ఓడలొస్తాయి లే" అని, చదివినవాడికన్నా గర్వంగా తిరిగిచ్చేశాడు. మేనత్త ఇంట్లో నా బ్రెజిల్ కథ పప్పు డబ్బాల కింద పరిచి ఉంది. ఒళ్ళు మండిపోయింది.

చివరికి సముద్రం ఒడ్డున జాలర్ల పాళేనికి వెళ్ళాను. కథ కూడా చేపలు పట్టే ఇంటిదే కదా. మధ్యాహ్నాలు అక్కడి ఆడవాళ్ళు చేపలు ఎండేసి, కాకుల్ని తోలుతూ పందిరి కింద కూర్చుంటారు. నేను పైకి చదివితే, అబ్బ, ఏం విన్నారు! కథలో కోడల్ని సాధించే అత్త రాగానే, "దాని నోట్లో మన్ను పొయ్య!" అని ఒకామె చేప విసిరికొట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. గబగబా అన్నీ రాసుకున్నాను.

ఇంతలో ఆ కోడలి మొగుడు పడవ తోసే పేజీ వచ్చింది. గాలి తిరిగింది అని చదివానో లేదో, అందరిలోకీ పెద్దావిడ చెయ్యెత్తింది.

"ఆపు తల్లీ. మొగోళ్ళు నీళ్ళ మీద ఉండారు."

"కథే గదా పెద్దమ్మా!"

"కథయితే మాత్రం? వాళ్ళు ఆడ ఉంటే, మనం ఈడ కూచోని మునిగినోడి కథ వింటామా?"

"మునిగాడని ఎవరు చెప్పారు? నేనింకా చదవందే!"

"అందుకే చదవొద్దంటా ఉండా."

మర్నాడు వెళితే మళ్ళీ మొదట్నుంచి చదవమన్నారు. చదివాను. సరిగ్గా ఆ పేజీ దగ్గర మళ్ళీ చెయ్యి లేచింది. ఆ తర్వాత కూడా అంతే. అత్తను తిట్టడానికి మాత్రం అందరూ సిద్ధం! వేరే కథ చదువుతానంటే ఒప్పుకోరు, ఇదే బాగుందట. బాగుంటే పూర్తిగా వినొచ్చుగా? తల బాదుకోవడం ఒక్కటే తక్కువ. అటు గైడ్ గారి ఫోన్లు, "ముగింపు సంగతేమైందమ్మా" అని.

ఒకరోజు, పందిరి చివర ఎప్పుడూ మాట్లాడకుండా కూర్చునే అక్క నోరు విప్పింది. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు.

"చదవనీ పెద్దమ్మా. వాడొచ్చినాడో లేదో తెలుసుకోవాల. నాకెవురుండారు నీళ్ళ మీద?"

"నోరు ముయ్యి మే! లేడని ఎవురు చెప్పినారు నీకు?"

పెద్దావిడ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. బస్సు దాకా నాతో వచ్చినామె దారిలో చెప్పింది. కొన్నేళ్ళ కిందట ఆ అక్క మొగుడు వేటకు పోయాడు. పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి, మనిషి రాలేదు. శవం కంటపడలేదు కాబట్టి బొట్టు తియ్యలేదు, గాజులు పగలగొట్టలేదు. పాళెం వాళ్ళకు అతనింకా వేటకు పోయిన మనిషే. నాకు జాలేసింది. ఆ పేజీ మీద కోపం మాత్రం పోలేదు.

"వేట బందు పెడతారు గదా, అప్పుడు రా. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి" అన్నారు పందిరి కింద ఆడవాళ్ళు. ఏప్రిల్ నడిమిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. ఇంకా గడువుంది. ఊపిరి పీల్చుకున్నాను.

బందు మొదలైన మర్నాడే వెళ్ళాను. పడవలన్నీ ఇసకలో బోర్లా పడున్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆడవాళ్ళంతా ముందే వచ్చి కూర్చున్నారు. మొదట్నుంచీ చదివాను, అత్తను తిట్టారు, ఆ పేజీ వచ్చింది. చెయ్యి లేవలేదు. హమ్మయ్య అనుకుని తలెత్తాను.

ఎవరూ నన్ను చూడటం లేదు. అందరూ పందిరి చివరికి చూస్తున్నారు. అప్పుడు వెలిగింది నా బుర్రకు. ఇంకా ఒక మనిషి ఒడ్డుకు రాలేదు.

కాగితాలు మడిచెయ్యబోయాను. సంతకమూ వద్దు, ఏమీ వద్దు. ఆ అక్క లేచొచ్చి నా పక్కన కూర్చుంది.

"చదువమ్మా" అంది. "నీళ్ళ మీద ఎవురూ లేరు."

పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈ ఒక్క మాట కోసం కాళ్ళరిగేలా తిరిగాను. తీరా అన్నాక నాకు చెయ్యి రాలేదు. గాజులు గలగలమంటుండగా ఆ అక్కే పేజీ తిప్పింది.