తాటాకు పక్కన పెట్టిన పైన్ కొమ్మ

తొంభైల మొదట్లో నేను బోధన్‌లో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ప్రాక్టికల్ పరీక్షలో తాటాకు ముక్కనూ పైన్ కొమ్మనూ పక్కపక్కన పెట్టి, ఆ రెండు చెట్లకూ తేడాలు రాయమనేవాళ్లం. తాటాకుకు కొదవ లేదు. పైన్ చెట్టును మాత్రం మా కాలేజీలో ఎవరూ చూడలేదు, నాతో సహా. ఉన్న ఒక్క కొమ్మ సీసాలో ఉండేది. ఆ ఏడాది సీసాలో మందు ఆరిపోయి, కొమ్మ పొడి అయింది.

పరీక్షకు ముందురోజు మా అటెండరు ఒక పచ్చి కొమ్మ తెచ్చాడు.

"ఫ్యాక్టరీ క్వార్టర్ల కంచె కాడ దొరికింది మేడం. పుస్తకంల బొమ్మ లెక్కనే ఉన్నది. కాయ సుత ఉంది."

అది సరుగుడు. నాకు తెలుసు. తెలిసే పెట్టించాను.

మరునాడు నిజామాబాద్ నుంచి ఎగ్జామినరు వచ్చారు. పిల్లలందరూ పైన్ అని రాసి, కంఠతా పట్టిన తేడాలు దించారు. ఒక్క అమ్మాయి తప్ప. వాళ్ల బాపు మోస్రా దగ్గర తాటిచెట్లు గీసి కల్లు తీసేవాడు. ఆ పిల్ల తాటి గురించి పేజీ నిండా రాసింది: కొమ్మలుండవు, మొవ్వు నరికితే చెట్టు చస్తుంది, ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. రెండోదాని గురించి ఒకటే వాక్యం: 'ఇది పైన్ కాదు.'

ఎగ్జామినరు సున్నా వేసి, ఆమెను పిలిచారు.

"పైన్ కాకపోతే మరేందమ్మా?"

"సరుగుడు సార్. సూడుండ్రి, చెరుకు లెక్క గణుపులున్నయి. గుంజితే ఊడుతది. పైన్ ఆకులు గుత్తులుగ ఉంటయని మా మేడమే చెప్పింది."

గుంజి చూపించింది. ఊడింది. ఆయన నావైపు చూశారు.

"సరుగుడే సార్. నేనే పెట్టించాను" అన్నాను.

ఆయన ఆ కొమ్మను ఒక్కో గణుపే విరిచారు.

"మరి మిగిలినోళ్లను ఏం చేద్దాం మేడం? పైన్ అని రాయాలనే గదా మీరు పెట్టింది!"

చివరికి అందరికీ పూర్తి మార్కులు వేసి, టీ తాగి వెళ్లిపోయారు.

ఆ అమ్మాయి వరండాలో నిలబడి ఉంది.

"తప్పు రాసినోళ్లకు గూడ అన్నే మార్కులా మేడం?"

"అన్నే."

"అయితే గా కొమ్మ పైన్ కాదని వాళ్లకు చెప్పుండ్రి."

సోమవారం క్లాసులో చెప్పాను. ప్రాక్టికల్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి నలుగురే వచ్చారు.