ప్రస్థానం పెట్టిన సంచి

ఆ ఏడాదంతా పొద్దున్నే జపానికి కూర్చుంటే సంకల్పం దగ్గరే నా నాలుక తడబడేది. ఏ ద్వీపంలో, ఏ కొండకి ఏ దిక్కున, ఎవరింట్లో కూర్చుని చేస్తున్నామో ముందుగా దేవుడికి చెప్పుకోవాలి కదా. సొంత ఇల్లయితే స్వగృహే అంటాం, కాకపోతే వసతిగృహే అంటాం. నేనున్నది విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం ఇచ్చిన క్వార్టరు. నా భార్య, కూతురు ఉన్నది కెనడాలో ఒక అద్దె అపార్ట్‌మెంటు. వసతిగృహే అని పలికాక, మరి నా ఇల్లేదన్న ప్రశ్న మిగిలిపోయేది. జపమాల వేళ్ళ మధ్య తిరుగుతూనే ఉండేది, మనసు మాత్రం నిలిచేది కాదు.

తొంభైల చివరి సంగతి ఇది. కెనడాలో శాశ్వత నివాసానికి మా ముగ్గురికీ అనుమతి వచ్చింది. దీర్ఘకాలిక సెలవు పెట్టి వెళ్ళి వాళ్ళిద్దరినీ అక్కడ కుదుట పెట్టాను. తర్వాత నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. ఇంకా కొన్నాళ్ళు సర్వీసు నిండితే స్వచ్ఛంద విరమణ తీసుకుని మర్యాదగా బయటపడవచ్చునన్నది నా లెక్క. అయితే శాశ్వత నివాసి బయట ఎక్కువ కాలం ఉండిపోతే, ఆ దేశాన్ని వదులుకున్నట్టే చూస్తారు. అందుకని వచ్చేముందు అక్కడి ఆఫీసులో, తిరిగొచ్చి స్థిరపడతానని చెప్పి, ఏడాదికి ఒక అనుమతి కాగితం తీసుకున్నాను. అది దాటితే నా హక్కు పోతుంది. మళ్ళీ మొదటినుంచీ దరఖాస్తు, ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు, అన్నాళ్ళూ వాళ్ళక్కడ, నేనిక్కడ.

శనివారం సాయంత్రాలు మా సెక్టారులో సత్సంగం జరిగేది. పురాణం చదివి అర్థం చెప్పడం నా వంతు. యతులు ఒక ఊళ్ళో ఎక్కువ రాత్రులు ఎందుకు ఉండకూడదో, వానాకాలంలో మాత్రం ఒకేచోట చాతుర్మాస్యం ఎందుకు చేయాలో ఒకసారి చెబుతున్నాను.

"మరి తమరు ఏ కోవలోకి వస్తారండీ? యతులా, గృహస్థులా?" అన్నారు మా పంతులుగారు. ఆయనా మా గోదావరి వైపు నుంచి వచ్చినవారే.

"బావ రెండూ కాదండి. రైలు టిక్కట్టు" అన్నాడు తాళాలు వాయించే మా పక్కింటాయన. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ తర్వాత చెబుతున్న వాక్యం ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు.

ఆ పక్కింటాయనది ఎలమంచిలి దగ్గర పల్లె. రైతు కుటుంబంలోంచి మా కర్మాగారంలో పనికి వచ్చాడు. నన్ను బావా అని పిలిచేవాడు. పద్ధతుల విషయంలో నాకన్నా నిష్ఠాపరుడు.

అనుమతి గడువు ఒక ఆదివారంతో ముగుస్తుంది. సెలవు దొరికేసరికి ఆలస్యమైంది. గురువారం సాయంత్రం మద్రాసు రైలు, మర్నాడు విమానం. గురువారం దక్షిణ దిక్కుకి వారశూల, ఆ వైపు ప్రయాణం కూడదు. పంతులుగారు పంచాంగం మూసి, "ప్రస్థానం పెట్టేయండి" అన్నారు. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో, మనం వెళ్ళే దిక్కున ఉన్న వేరొకరింట్లో మన వస్తువొకటి పెట్టి రావాలి. దాంతో మనం బయల్దేరినట్టే. ఆ వస్తువుని తిరిగి మన గడప లోపలికి తేకూడదు. వెళ్ళేటప్పుడు అక్కణ్ణుంచే తీసుకుపోవాలి. సత్సంగంలో నేనే ఒకసారి ఇదంతా వివరించాను.

పక్కింటాయన ఇల్లు మాకు సరిగ్గా దక్షిణాన ఉంది. సోమవారం పొద్దున్న నా చేతిసంచి తీసుకెళ్ళి వాళ్ళ దేవుడి గూటి కింద పెట్టాను. ప్రయాణంలో మనల్ని విడవకుండా ఉండే వస్తువే పెట్టాలని మా ఇంట్లో ఆచారం. అందుకని పాస్‌పోర్టు, అక్కడ తొలిసారి దిగినప్పుడు ఇచ్చిన కాగితం, అనుమతి కాగితం, విమానం టిక్కెట్టు, అన్నీ అందులోనే ఉంచాను. ఆ మూడు రోజులూ ఏదో వంకతో వాళ్ళింటికి వెళ్ళి గూటి కిందికి చూసి వచ్చేవాణ్ణి.

"ఏటి బావా, సంచికి కాళ్ళొచ్చి ఎల్లిపోద్దేటి?" అనేవాడు.

గురువారం పొద్దున్న డ్యూటీ అప్పగించడానికి ఆరింటికల్లా కర్మాగారానికి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చేసరికి పక్కింటికి తాళం వేసి ఉంది. తలుపు కొట్టాను, తాళాన్ని పట్టుకుని లాగాను, వెనక వైపు వెళ్ళి కిటికీలోంచి చూశాను. గూటి కింద నేల ఖాళీగా ఉంది.

వీధి చివర ఎస్టీడీ బూత్ నడిపే అతను నన్ను చూసి బయటికొచ్చాడు.

"సార్, మీ పక్కింటాయన చిన్నాన్న పోయారండి. తెల్లారి ఫోనొస్తే అందరూ ఎల్లిపోనారు. సంచి కూడా అట్టుకెల్లినాడు. ఎలమంచిలి టేసన్లో నిలబడి, రైలు ఆగితే కిటికీలోంచి అందిత్తానని సెప్పమన్నాడు."

"ఆ రైలు ఎలమంచిలిలో ఆగదయ్యా" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "అయితే ఇసిరేత్తాడేమో సార్."

సూట్‌కేసు పట్టుకుని ఆటోలో హైవే మీదికి వెళ్ళి, దొరికిన బస్సెక్కాను. దారంతా నిలబడే ఉన్నాను. సీటు ఖాళీ అయినా కూర్చోబుద్ధి కాలేదు. అనకాపల్లిలో బెల్లం లారీల వెనక బస్సు ఆగిపోయినప్పుడు నామజపం మొదలుపెట్టాను. నామం నోట్లో ఉంది, కళ్ళు గడియారం మీద ఉన్నాయి. అది జపం కాదని నాకు తెలుసు. ఆదివారం దాటితే మా అమ్మాయికి ఏం చెప్పాలన్నదొక్కటే లోపల గిరగిరా తిరుగుతోంది.

ఎలమంచిలి స్టేషన్లో, ప్లాట్‌ఫారం కొసన, తడి తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటాయన నిలబడి ఉన్నాడు. చేతిలో మూసిన గొడుగు. గొడుగు కొక్కేనికి నా సంచి వేలాడుతోంది.

"మైల మనిషిని బావా. సెయ్యి తగలనియ్యనేదు" అన్నాడు. "పొద్దుట్నించీ ఇలాగే మోత్తన్నాను."

"ఎందుకు తెచ్చావు? మా ఇంటి ముందు పెట్టి వెళ్ళచ్చు కదా" అన్నాను. నా గొంతు పెరిగింది.

"అదేటి అలగంతావు? పెస్తానం పెట్టిన సంచి మీ గుమ్మానికెలా తెత్తాను? ఇంట్లో ఒగ్గీసి తాళమేత్తే నీకెవుడు తీత్తాడు? ఎలమంచిలీ దచ్చినమే గదా. నీ పెయానం ఓ ముక్క ముందుకి నడిసినట్టే అనుకున్నాను."

కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు వెతికితే శాస్త్రంలో దొరకలేదు. సంచి అందుకున్నాను. తడిగా తగిలింది.

"మైల గదా, పసుపునీళ్ళు జల్లినాను" అన్నాడు.

బెంచీ మీద కూర్చుని సంచి తెరిచాను. పాస్‌పోర్టు అంచు, దానికి పిన్ను కొట్టిన కాగితం మీద పసుపు మరకలు. అక్షరాలు చెదరలేదు, స్టాంపు మాత్రం కాస్త ఉబ్బింది. నా చేతిరుమాలుతో అద్దుతుంటే ఆయన కొంచెం దూరంలో నిలబడి చూస్తున్నాడు.

"అనకాపల్లి వెళ్ళి రైలెక్కుతాను" అన్నాను.

"ఎనక్కా? బయల్దేరినోడివి ఎనక్కి తిరుగుతావేటి? తుని ఎల్లు. తునిలో ఆగుద్ది." నావైపు చూడకుండా, "కోపమేటి బావా? ఓ మాట సెప్పనా? పెస్తానం పెట్టినాక మూడ్రోజులో, అయిదు రోజులో, అంతే. ఆ లోపల మనిషి కదలాల. కదలాపోతే అది సెల్లదని నువ్వే గదా సెప్పినావు సత్సంగంలో. అక్కడ సెల్లెమ్మనీ పిల్లనీ పెట్టీసి ఏడాదయింది" అన్నాడు.

శవదహనం చేసి వచ్చిన మనిషి ఆయన. తిండి తిన్నట్టు లేదు. నేను ఆయన చిన్నాన్న గురించి ఒక్క మాటా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అడిగాను. చెప్పాడు. బస్సు వచ్చేదాకా రోడ్డుకి ఆ వైపున ఆయన, ఈ వైపున నేను నిలబడ్డాం.

తునిలో రైలెక్కేసరికి నా బెర్తు వేరొకరికి రాయబోతున్నారు. మద్రాసు చేరాను, విమానం ఎక్కాను. ఎక్కడా నిద్ర పట్టలేదు.

గడువుకి ముందురోజు దిగాను. విమానాశ్రయంలో కౌంటరు వెనక వయసు మళ్ళిన ఒక అధికారిణి కూర్చుని ఉంది. కాగితం వెలుగుకి ఎత్తి పట్టుకుని, ఈ పసుపు ఏమిటని అడిగింది. అబద్ధం ఆడాలన్న ఆలోచన రాలేదని చెప్పలేను. టీ ఒలికిందంటే పోయేది. కానీ సంవత్సరమంతా సంకల్పం చెప్పిన నాలుక అది. నాకొచ్చిన ఇంగ్లీషులో ప్రస్థానం సంగతి, మైల సంగతి, గొడుగు సంగతి చెప్పాను. వెనక వరసలో ఎవరో దగ్గారు.

ఆమె నవ్వలేదు. "అంటే సంచి ముందు వెళితే మనిషి వెళ్ళినట్టేనా?"

"కొద్ది రోజులకే అమ్మా" అన్నాను.

"ఏడాదిగా నువ్వు ఇక్కడ ఉంచింది ఏమిటి?"

"నా భార్యని, కూతుర్ని."

నా చెవులకే ఆ మాట ఎలా వినిపించిందో చెప్పలేను. ఆమె కాసేపు నా కాగితాలు తిప్పింది. మరో అనుమతి అడిగితే ఇవ్వడం కష్టమని, ఇక్కడ ఉండదలచుకుంటే ఉండాలని, లేదంటే ఆ సంగతి తనకి ఇప్పుడే చెప్పమని అంది. ఉంటానన్నాను. పెదవి చివర నుంచి రాలేదు ఆ మాట. ఆమె స్టాంపు వేసింది.

బయట మంచు కురుస్తోంది. అమ్మాయి నా సంచి అందుకుంది, కారు దగ్గరికి నడిచింది. నేను నా భార్యతో జరిగిందంతా చెప్పాను, ఉంటానని అధికారిణికి మాటిచ్చానని కూడా.

ఆమె కోటు గుండీలు పెట్టుకుంటూ విన్నది. "ఆవిడకి చెప్పారు, బాగుంది. నాకెప్పుడు చెబుతారు?" అంది.

నేను ఆగిపోయాను. అమ్మాయి కారు తలుపు తీసి పట్టుకుని మా ఇద్దరికోసం చూస్తోంది.

"సర్వీసు పోతుంది" అన్నాను.

"తెలుసు."

"ఉంటాను" అన్నాను, ఈసారి తెలుగులో.

ఆమె నా భుజం మీది మంచు ఒకసారి దులిపి ముందు నడిచింది.