చేప లేని రుచి

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ నమ్మలేదు. పెద్ద పెద్ద విషయాల్లో కాదు, కంచంలో పెట్టిన ముద్ద దగ్గర. చాప వేశాను, కాస్త ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే మాట కాదిది.

మాది బందరు పక్కన, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. మా వీధిలో అందరిదీ చేపల బతుకే. మా నాన్న వేటకి వెళ్ళేవాడు. ఆయన తెచ్చిన చేపని గంపకెత్తుకుని మా అమ్మ రైల్లో పెడన, ఒక్కోసారి గుడివాడ దాకా వెళ్ళి అమ్ముకొచ్చేది. ఇంట్లో కూర అంటే చేపే. వంకాయ తెచ్చినా అందులో ఎండుచేప ముక్క పడాలి, గోంగూర తెచ్చినా రొయ్యలు పడాలి. ఒట్టి కూరగాయ వండుకునేవాళ్ళని చూస్తే, పాపం ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనుకునేవాళ్ళం.

ఆ ఏడు ఉప్పెన వచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పను. మా నాయనమ్మ పుట్టిల్లు దివిసీమలో. ఆవిడ చెల్లెలు, చెల్లెలి పిల్లలు, ఆ ఇల్లు, ఏదీ మిగల్లేదు. మాకు కప్పు లేచిపోయింది, పడవ పోయింది, మనుషులం మాత్రం మిగిలాం. ఆ తర్వాత చాన్నాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళల్లో చేప ముట్టినవాళ్ళు లేరు. ఎందుకని ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అంతమందిని తీసుకుపోయిన సముద్రంలో చేప ఏం తిని బతుకుతోందోనని లోపల్లోపల అనుకునేవాళ్ళు. అమ్మ గంప కనపడగానే తలుపు ఓరగా మూసేసేవాళ్ళు. చెరువు చేపండీ అని ఒట్టేసినా, ఆ ఒట్టు విని ఇంకో నాలుగు వేళ్ళ మందం మూసేవాళ్ళు.

ఆ అనుమానం అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా నాయనమ్మని. పులుసు చట్టిని తనే వాకిట్లోకి తెచ్చి పగలగొట్టింది. ఇక ఈ ఇంట్లో చేప వాసన రాకూడదంది. అక్కడితో ఆగితే బాగుండేది. కత్తిపీట వాసన చూసేది, రోలు వాసన చూసేది, అన్నం కుండ ముక్కు దాకా తెచ్చుకుని పక్కన పెట్టేసేది. ఎన్నిసార్లు బూడిదేసి తోమినా ఆవిడ ముక్కుకి చేపే తగిలేది. చివరికి అమ్మ వండింది ఏదీ ముట్టడం మానేసింది. కొట్లో కొన్న మరమరాలు, ఒక అరటిపండు, మంచినీళ్ళు, అంతే. రోజురోజుకీ కుంచించుకుపోయింది. చెయ్యి పట్టుకుంటే పుల్ల పట్టుకున్నట్టుండేది.

పడవ లేక నాన్న కరకట్టల పనికి అవనిగడ్డ వైపు వెళ్ళిపోయాడు. వెళ్తూ అమ్మతో ఒక్కటే మాట అన్నాడు. "నేనొచ్చేసరికి మా అమ్మ ఉండాలి." ఆ మాట నేను విన్నాను. అమ్మ తల ఊపింది.

చేప అమ్ముడుపోని రోజుల్లో అమ్మ పెడనలో అద్దకం షెడ్డులో పనికి కుదిరింది. అద్దిన బట్టల్ని కాలవలో జాడించి, రంగు కాగుల్లో ఉడకబెట్టి, ఆరేసే పని. చీకటితో లేచి రైలెక్కితే పొద్దుగూకే వేళకి ఇల్లు చేరేది. అక్కడ అమ్మ పక్కన ఒక పెద్దావిడ పనిచేసేది. నేతవాళ్ళ ఇంటి మనిషి, చేపా మాంసం ఎరగని కొంప. చేప లేకుండా అన్నం ఎలా తింటారో ఆవిడ దగ్గర నేర్చుకోవాలని అమ్మ నిశ్చయించుకుంది. పిల్లల తల్లి, కాపురం చేసి ఇన్నేళ్ళయిన మనిషి, మళ్ళీ మొదట్నుంచి పొయ్యి ముందు కూర్చోవడమంటే మాటలు కాదు. బట్టలు జాడిస్తూ ఆవిడ చెప్పేది. అమ్మకి రాయడం రాదు, అందుకని రైల్లో ఇంటికొచ్చేదాకా గొణుక్కుంటూ వచ్చేది. పక్కన కూర్చున్నవాళ్ళు ఏదో మంత్రం చదువుకుంటోందని జరిగి కూర్చునేవాళ్ళట.

మొదటిరోజు కందిపప్పు. మా వంటలో పులుసంటే ముందు పడేది చింతపండు. అమ్మ అలాగే పప్పులో నీళ్ళతోపాటే చింతపండు పిసికి పోసేసింది. ఇంకేముంది, పప్పు ఎంతకీ ఉడకదు. పుల్లలు అయిపోయాయి కానీ పప్పు గులకరాళ్ళలాగే ఉండిపోయింది. ఇంకోరోజు చింతపండు చివరే వేసింది కానీ గరిట పెట్టలేదు. చేపల పులుసులో గరిట పెడితే ముక్క విరిగిపోతుంది కదా, చట్టిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాం. అమ్మ పప్పుగిన్నెని కూడా గుడ్డ పెట్టి పట్టుకుని తిప్పుకుంటూ కూర్చుంది. అడుగంటి ఇల్లంతా పొగ. సొరకాయ ముక్కలకైతే కల్లుప్పు, పసుపు పట్టించి, రుద్ది రుద్ది కడిగింది, నీచు పోవాలని. ఇది విని పెడన పెద్దావిడ కాలవ గట్టునే కూలబడి నవ్విందట. "సొరకాయకి పొలుసు కూడా తీశావా ఏంటమ్మాయ్?" అందట.

మా ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. నాయనమ్మ వాకిట్లో మంచం మీంచి ఆ రుద్దడం చూసింది. కూరగాయని ఎవరైనా అలా కడుగుతారా, దేన్నో కడుగుతోంది అనుకుంది. అమ్మ గోళ్ళ సందుల్లో ఎరుపు చూసింది.

"ఆ చేతులకి అదేంటి?"

"షెడ్డులో రంగత్తా."

"రంగో, చేపల నెత్తురో."

ఆ సాయంత్రమే నాయనమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "ఏమే పిల్లా, నువ్వు పొయ్యి దగ్గర కూర్చో. మీ అమ్మ ఏమేస్తే అది వచ్చి నాకు చెప్పు. కన్నార్పావంటే చూడు." ఆవిడ ఏమన్నా తింటే చాలని నేనూ సరేనన్నాను. పక్కింటి అక్క దడి అవతల్నుంచి విని, ఊరుకోకుండా ఇంకో పుల్ల వేసింది. "రొయ్యపొట్టు దంచి పొడి చేసి కలిపేస్తే నీకేం కనపడుద్దే పిచ్చిదానా! చేప లేకుండా మీ అమ్మ చేతికి రుచెక్కడిది?"

అప్పట్నుంచి నాకూ అనుమానం పట్టుకుంది. అమ్మ ఉప్పు తీస్తే అది ఉప్పేనా అని నాలిక మీద వేసుకునేదాన్ని. కారం డబ్బా అడుగుదాకా వేలితో కెలికేదాన్ని. అమ్మ నిద్రపోతుంటే ఆవిడ వేళ్ళ వాసన చూసేదాన్ని. అమ్మకి తెలుసు. తెలిసినట్టు కనపడేది కాదు. వీపు మీద చూపు పడుతుంటే మనిషి కదలికే మారిపోతుంది. అమ్మ గరిట తిప్పడం కూడా దొంగతనం చేస్తున్నట్టే ఉండేది.

ఒక సాయంత్రం దోసకాయ పప్పు వండుతోంది. పోపుకి నూనె పెట్టి, "పక్కింటికెళ్ళి నాలుగు కరివేపాకు రెబ్బలు పట్రా" అంది. నేను గుమ్మం దాటి, దాటినట్టే దాటి, వెనక్కి చూశాను. అమ్మ బొడ్లో దోపుకున్న చిన్న పొట్లం తీసి, గోటితో గిల్లి, ఏదో నూనెలో పడేసి, మళ్ళీ దోపుకుంది. గప్పున ఒక వాసన. మూతపెట్టి మరిచిపోయిన గిన్నె తెరిచినట్టు. నేను ఆకు తెచ్చేసరికి ఆ వాసన పోయి ఇంకేదో వచ్చింది. ఆకలి పుట్టించే వాసన. ఇది మా ఇంట్లో ఎప్పుడూ లేనిది.

అది నాయనమ్మని మంచం మీంచి లేపింది. ఎవరూ పిలవకుండానే వచ్చి కంచం ముందు కూర్చుంది. అమ్మ వడ్డించింది. నాయనమ్మ ఒక ముద్ద తింది, కళ్ళు మూసుకుని రెండోది తింది. మూడో ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"ఏమేశావే ఇందులో?"

"పోపే అత్తా."

"పోపుకింత రుచా? నాకు చెప్పకు. చేప పడకుండా నీ చేతికి ఇంత రుచి రాదు."

మెచ్చుకోలూ, నేరం మోపడమూ ఒకే మాటలో వచ్చాయి. ఆవిడ నా వైపు తిరిగింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. అమ్మ పొట్లం తీసి నేలమీద పెట్టి విప్పింది. గోధుమరంగు బంకముద్ద. "ఇంగువ అత్తా, పెడన పెద్దావిడ ఇచ్చింది. ఏదో చెట్టు బంకంట. గుళ్ళో పులిహోరలో కూడా వేస్తారంట" అంది. నాయనమ్మ వంగి వాసన చూసి, ముక్కు మీద కొంగు వేసుకుంది. పచ్చి ఇంగువ కంపు మీకు తెలిసిందే. మా కొంపలో అది ఎవరికీ తెలియదు.

"కుళ్ళిన వాసన! దేన్ని ఎండబెట్టావో ఏంటో. అంత మంచిదైతే దాచడం ఎందుకే?"

అమ్మ పొట్లం మళ్ళీ మడిచింది.  ఈ పచ్చి కంపు చూస్తే అత్త ముద్ద ముట్టదని భయపడి, వేగాక మంచి వాసన వస్తుందని ఆశపడి దాచింది. కానీ దాచిన తర్వాత ఏం చెప్పినా అబద్ధంలాగే ఉంటుంది. నాయనమ్మ చెయ్యి కడిగేసుకుంది. మిగిలిపోయిన ఆ కంచం అమ్మ తీసి పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, కొట్టలేదు. నువ్వు చూసిందే చెప్పావుగా అని మాత్రం అంది.

మర్నాడు షెడ్డుకి సెలవు. పొద్దున్నే అమ్మ పొయ్యి చుట్టూ ఉన్న తడికలు ఊడదీసి గోడకి ఆనించేసింది. నాయనమ్మ మంచం పొయ్యికి ఎదురుగా లాగింది. తను ఆ మంచం కాళ్ళ దగ్గర కింద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

"అత్తా, ఇవాళ నేను పొయ్యి ముట్టను. నా చేతులు ఇక్కడే ఉంటాయి, చూసుకో. నీ మనవరాలే వండుద్ది." నా వైపు తిరిగి, "రావే కాపలాదారూ, ఇన్నాళ్ళు కన్నార్పకుండా చూశావుగా, ఆ మాత్రం రాదా?" అంది.

 పప్పు కడిగాను. అమ్మ అక్కణ్ణుంచే చెప్పేది, నేను చేసేదాన్ని. ప్రతిదీ ముందు మంచం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాలి. పప్పు, దోసకాయ, పసుపు, చింతపండు. నాయనమ్మ వాసన చూసి, తల ఊపి పంపేది. ఇంగువ ముద్ద తెచ్చినప్పుడు మాత్రం మొహం తిప్పుకుంది. వద్దని అనలేదు, వెయ్యమనీ అనలేదు. అమ్మ తల వంచుకుని తన అరచేతులే చూసుకుంటోంది. నేను చిటికెడు గిల్లి వేళ్ళ మధ్య పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడిపోయాను. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, మిరపకాయలు నల్లబడుతున్నాయి. వెయ్యనా, మాననా? వేస్తే ఆవిడ ఇక ఎప్పటికీ ముట్టదేమో.

మంచం మీంచి ఒక్క కేక. "పోపు మాడిపోతోందే మొద్దూ! ఆ చేతిలోది పడెయ్, పడేసి దించు!"

పడేశాను. ఆ కంపు మా ముగ్గురి కళ్ళ ముందే కాగే నూనెలో కరిగిపోయి, నిన్నటి వాసనయింది. దాచడానికి తడికలు లేవు, అమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నాయనమ్మ అమ్మ చేతుల్ని చూసింది, నా వేళ్ళని చూసింది. తర్వాత గుంజ పట్టుకుని లేచి వచ్చి నా చేతిలో గరిట లాక్కుంది. "గరిట పట్టుకునేది ఇలాగా? అడుగుదాకా పోనివ్వాలి" అంటూ కలిపింది. ఉప్పెన తర్వాత ఆవిడ పొయ్యి దగ్గరికి రావడం అదే మొదలు.

ఆ రోజు నాయనమ్మ కంచంలో మెతుకు మిగల్లేదు. మధ్యలో అమ్మ, "కాస్త వెయ్యనా అత్తా?" అంది భయంభయంగా.

"నువ్వెవతివి వెయ్యడానికి? వండింది నా మనవరాలు. నువ్వూ కంచం తెచ్చుకో. చప్పగా ఉందేమో చెప్పు."

అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని తిన్నారు. నాన్న తిరిగొచ్చేసరికి నాయనమ్మ పీట మీద కూర్చుని అమ్మకి చారు పెట్టడంలో వంకలు చెబుతోంది. చెప్పడానికి ఆవిడకేం తెలుసని? అయినా చెప్పేది, అమ్మ ఊ కొట్టేది. మెల్లమెల్లగా ఊళ్ళో చేప మళ్ళీ అమ్ముడుపోయింది. నాయనమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ ముట్టలేదు. మేం వేరే పొయ్యి మీద వండుకుంటే, అటు వీపు పెట్టి కూర్చునేది. మమ్మల్ని ఒక్క మాట అనేది కాదు.

అమ్మ ఆ రోజు చేసింది ఎంత పెద్ద పనో నాకు కాపురానికి వచ్చాకే తెలిసింది. అనుమానపడ్డ మనిషి మీద మనకి కోపం వస్తుంది. అరుస్తాం, ఒట్లు పెడతాం. అనుమానం ఇంకో నాలుగు వేళ్ళు పెరుగుతుంది. నాయనమ్మది మా అమ్మ మీద పగ కాదు, పోయిన చెల్లెలి మీద దుఃఖం. దానికి పోవడానికి దారి లేక కంచంలోకి వచ్చి కూర్చుంది. నా కోడలు కొత్తగా వచ్చినప్పుడు నా వంట తినడానికి జంకింది. నేనేమీ అడగలేదు. గరిట ఆ పిల్ల చేతికిచ్చి, ఆ పూట వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. మాట పడ్డప్పుడల్లా నా నోటికి ముందు కోపమే వస్తుంది, ఇప్పటికీ. దాన్ని మింగి తలుపు బార్లా తీస్తాను.

ఓపిగ్గా విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో పొద్దుటా మాపూ పొయ్యి వెలగాలి. వండేవాళ్ళు ఏదీ దాచుకునే అవసరం రాకూడదు, తినేవాళ్ళకి ముద్ద నోటి దగ్గర ఆగకూడదు.